నలుగురిని కూడేసుకుని చెరువు కట్ట మీద నడవడం ఎలా?

పొద్దున్నే ఒక్కరే నడిచేవాళ్లు హన్మకొండలో తక్కువేం లేరు. వడ్డేపల్లి కట్ట మీదికి వెళ్లి చూడండి, ఇంకా చీకటి విడవకముందే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చేతులూపుకుంటూ పోతుంటారు. ఆ నడకకు ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇక్కడ చెప్పేది వేరే నడక గురించి. కాలనీ వాళ్లో, పదో తరగతి బ్యాచో, ఆఫీసు వాళ్లో ఓ ఇరవై మంది కలిసి, ఒక ఆదివారం పొద్దున రెండు గంటల సేపు మన ఊరి చెరువుల వెంట, గుట్టల వెంట తిరిగి, ఎవరూ తప్పిపోకుండా, ఎవరి మోకాళ్లూ పట్టేయకుండా, చాయ్ తాగి ఇంటికి చేరే నడక.

వినడానికి తేలికే. మా మొదటి నడకకు ఇరవై మూడు మందిమి బయల్దేరాం. చాయ్ బండి దగ్గరికి పద్నాలుగు మందిమి చేరాం. ఆరుగురు విసుగొచ్చి అడ్డదారిన ఇంటికి పోయారు. ఇద్దరు గుడిలో దర్శనం లైన్లో ఉన్నారు. మా పక్కింటి పెద్దమ్మ మాత్రం పద్మాక్షి గుట్ట కింద అరుగు మీద కూర్చుని, "మళ్లా ఇటే వస్తరు గద" అని గంటన్నర ఎదురుచూసింది. ఆమె దగ్గర ఫోన్ లేదు. ఆ తప్పు నూటికి నూరుపాళ్లు నాదే. నేను ముందు నడుస్తూ కాకతీయుల గురించి లెక్చర్ దంచుతున్నాను, వెనక్కి తిరిగి చూడలేదు. ఆ తర్వాత నెలనెలా నడుస్తూ నేర్చుకున్నవి కింద రాస్తున్నాను.

దారి ఎంచుకోవడం: నీళ్లు పోయిన దిక్కే పోండి

మనది నది ఒడ్డున పుట్టిన ఊరు కాదు, చెరువుల మధ్య పెరిగిన ఊరు. కాకతీయులు చెరువులను విడివిడిగా తవ్వించలేదు, గొలుసుకట్టుగా కట్టించారు. పై చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు పోయే మత్తడి దుంకి, ఆ నీళ్లు వాగులోనో నాలాలోనో పడి కింది చెరువుకు చేరతాయి. రోడ్లు, కాలనీలు తర్వాత వచ్చినవి. అందుకే ఊళ్లో ఇంకా నాలుగు చెట్లు మిగిలాయంటే గుట్టల మీదో, చెరువుల చుట్టో మిగిలాయి. అక్కడ ఇల్లు కట్టడం కష్టం కాబట్టి. కట్టినవాళ్లు లేరని కాదు.

కాబట్టి దారి గీసేటప్పుడు మ్యాపులో రోడ్లను కాదు, నీలం రంగు మరకలను చూడండి. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు, లేదా చెరువు నుంచి గుట్టకు కాలినడకన ఎట్లా పోవచ్చో వెతకండి. మొదటిసారికి నేనైతే ఈ దారి చెబుతాను: వేయిస్తంభాల గుడి దగ్గర కలుసుకుని, పద్మాక్షి గుట్ట మీదుగా భద్రకాళి చెరువు కట్టకు వెళ్లి, భద్రకాళి గుడి దగ్గర ముగించడం. ఆగుతూ ఆగుతూ నడిస్తే రెండు గంటలు. ఎక్కువ భాగం చదును. మధ్యలో ఆటో దొరికే చోట్లు ఉన్నాయి కాబట్టి ఎవరికైనా చాలనిపిస్తే ఇంటికి పోవచ్చు.

ఈ దారికి ఇంకో సౌఖ్యం, ప్రతి ఇరవై నిమిషాలకూ ఆగి చూడ్డానికి ఒకటుంది. వేయిస్తంభాల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించాడు. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లున్న త్రికూటాలయం. దాని ముందున్న కళ్యాణ మండపాన్ని 2006లో బాగుచేయడానికని రాయి రాయి విప్పారు. మళ్లీ నిలబెట్టి తెరిచేసరికి 2024 మార్చి వచ్చింది. ఆ మండపం కింద కాకతీయులు వేసింది ఇసుక పునాది. అంత బరువును ఇసుక మోయడమేంటని పిల్లలు తప్పకుండా అడుగుతారు. చుట్టూ గట్టిగా బిగించి కదలకుండా చేస్తే ఇసుక బరువును అన్ని దిక్కులకూ పంచుతుందని చెప్పండి. నమ్మకపోతే ఇంటికెళ్లాక బకెట్లో ఇసుక నింపి దాని మీద నిలబడమనండి.

పద్మాక్షి గుట్ట దగ్గర చాలామంది అమ్మవారికి దండం పెట్టుకుని వెళ్లిపోతారు. మీరు కాసేపు ఆగండి. గుట్ట రాతిలోనే చెక్కిన జైన తీర్థంకరుల విగ్రహాలు ఉన్నాయి. కాకతీయులు శివుడి వైపు పూర్తిగా మళ్లకముందు ఇది జైన క్షేత్రం. మంత్రి బేతన భార్య మైలమ ఇక్కడ కడలాలయ బసది, అంటే జైన గుడి, కట్టించిందని 1117 నాటి శాసనం చెబుతోంది. ఇప్పుడు అదే గుట్ట కింద గుండం దగ్గర సద్దుల బతుకమ్మ నాడు ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ సాయంత్రం మీ గుంపు నడకను మాత్రం ఇటు పెట్టుకోకండి. బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గరా అదే సంగతి. బతుకమ్మ ఆడడానికి రండి, నడవడానికి కాదు.

ముసలివాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు ఎక్కువగా ఉంటే వడ్డేపల్లి చెరువు మేలు. కట్ట మీద చదునుగా పోయి, అలసిన చోట వెనక్కి తిరగొచ్చు, అంతే. అది తాగునీటి చెరువు, చేతులు కాళ్లు కడగడాలు, కొబ్బరి చిప్పలు పారేయడాలు పెట్టుకోవద్దు.

మూడోది ఖిలా వరంగల్. ఇది చలికాలానికే. మట్టికోట, దాని వెంట అగడ్త, లోపల రాతికోట, నడుమ నాలుగు తోరణాలు, ఖుష్ మహల్, పక్కన ఏకశిల గుట్ట. రాతికోటకు 45 బురుజులు ఉన్నాయి. గణపతిదేవుడు మొదలుపెట్టిన కోటను రుద్రమదేవి పూర్తిచేసింది. మట్టికోటను అందరూ "ఏదో దిబ్బ" అనుకుంటారు కానీ, నాకు తోరణాల కంటే అదే ఇష్టం. దాని మీద గడ్డి, తుప్పలు, నీడిచ్చే చెట్లు, పక్కన నీళ్లు. కోట గోడ చివరికి ఊరికో పచ్చని దారి అయింది.

వారం ముందు మీరే నడిచి చూడండి

ఇది మానేసి మ్యాపును నమ్ముకుంటే ఎక్కడో గోడ అడ్డం తగులుతుంది. నడిచేటప్పుడు ఒక్కరే పోవద్దు. మీ ఇంట్లో, మీ వీధిలో అందరికంటే మెల్లగా నడిచే మనిషిని వెంట తీసుకుపోండి. ఆ మనిషికి పట్టిన టైమే మీ నడక టైం. మీకు గంటన్నర పట్టింది కదా అని మెసేజ్‌లో గంటన్నర అని రాస్తే చివరి అరగంట అందరి మొహాలూ మాడిపోతాయి. నలభై నిమిషాలకు ఒకసారి కూర్చోవాలి అనే లెక్కతో చూసుకుంటే, పిల్లా పెద్దా కలిసిన గుంపు గంటకు రెండు, రెండున్నర కిలోమీటర్ల కంటే ఎక్కువ నడవదు.

ఈ ముందు నడకలో చూసి రాసుకోవాల్సినవి ఉన్నాయి. పార్కుగా చేసిన కట్టకు గేటు ఏ టైంకు తీస్తారు, టికెట్ ఎంత, కాపలా అన్నను అడగండి. ఆయన్ను అడిగితే బోర్డు మీద లేని సంగతులు కూడా చెబుతాడు. టాయిలెట్ ఎక్కడుంది, దానికి తాళం ఉందా, నీళ్లొస్తున్నాయా? ఈ ఒక్కటి తెలియక ఆడవాళ్లు పొద్దుట్నుంచి నీళ్లు తాగకుండా నడుస్తారు. అది ఎండాకాలంలో మంచిది కాదు. కాబట్టి మగవాళ్లు మాత్రమే దారి చూసి రావడం వద్దు. కూర్చోవడానికి బెంచీ, అరుగు, రావిచెట్టు నీడ ఎక్కడెక్కడ ఉన్నాయి? కుక్కల గుంపు ఏ మలుపు దగ్గర ఉంటుంది? పొద్దున ఎనిమిది తర్వాత ఎండ మొహం మీద పడే వైపు ఏది?

ఇంకొకటి, చెరువు ఇప్పుడెట్లా ఉందో కళ్లారా చూడండి. పోయినేడాది ఫొటో చూసి రమ్మనకండి. భద్రకాళి చెరువునే తీసుకోండి. 2024 చివర్లో పూడిక తీయడానికని నీళ్లన్నీ వదిలేశారు. అప్పుడు మాతో వచ్చిన ఒక హైదరాబాద్ చుట్టం "చెరువు ఏది?" అని అడిగాడు. మేం నిలబడింది దాని కట్ట మీదే. నిజానికి ఆ నడకే నాకు బాగా గుర్తుంది. నీళ్లున్నప్పుడు కనిపించని చెరువు అడుగు, మట్టి, పూడిక అన్నీ కనిపించాయి. ఎండిన చెరువును చూపించినా తప్పులేదు, ముందే చెప్పి చూపించండి.

రోజు, టైం

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మనకు నడక కాలం. జనవరిలో సూర్యుడు 6:40 దాటాకే వస్తాడు, అందుకని ఆరింటికి రమ్మని జనాన్ని చలిలో నిలబెట్టొద్దు, ఆరున్నర చాలు. మార్చి వస్తే మోదుగ పూలు చూడొచ్చు కానీ ఎనిమిదిన్నరకల్లా ముగించాలి. మే నెలలో గుంపు నడక పెట్టేవాళ్లకు నా దగ్గర సలహా లేదు. వానాకాలంలో ముసురు పట్టిన రోజు బాగుంటుంది, గట్టి వాన పడ్డ రోజు కాదు. మత్తడి దుంకుతుంటే చూడాలని అందరికీ ఉంటుంది. దూరం నుంచి చూడండి. మత్తడి మీద పారే నీళ్లు మోకాలి లోతు కూడా లేకపోయినా కింద పాచి ఉంటుంది, కాలు నిలవదు. వినాయక నిమజ్జనం అయిన వారం రోజులు ఏ చెరువుకైనా పోకపోవడం మీకూ చెరువుకూ మంచిది.

సాయంత్రం నడక పెడితే చీకటి పడకముందే జనం రోడ్డు మీదికి వచ్చేసేలా చూసుకోండి. 112, 108 నంబర్లు అందరికీ తెలిసినవే. మీ గుంపులో పిల్లలతో వచ్చే ఆడవాళ్లు వెనక్కి పోయేటప్పుడు ఇద్దరిద్దరుగా వెళ్లేట్టు చూడడం మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు. మీరు గుర్తుపెట్టుకోండి.

పిలవడం

వాట్సాప్‌లో పూల బొమ్మ, "శుభోదయం", కింద "రేపు వాకింగ్" అని పెడితే ముప్పై బొటనవేళ్లు వస్తాయి, పన్నెండు మంది వస్తారు. మెసేజ్ పొట్టిగా ఉండాలి, అందులో అన్నీ ఉండాలి. మేం పంపేది దాదాపు ఇట్లా ఉంటుంది:

"ఆదివారం పొద్దున 6:30, వేయిస్తంభాల గుడి గేటు ముందు. 6:45కు కదులుతాం. పద్మాక్షి గుట్ట, భద్రకాళి కట్ట, గుడి దగ్గర ముగింపు. మెల్లగా నడుస్తాం, మూడుచోట్ల కూర్చుంటాం. 9 గంటలకు చాయ్. అర లీటర్ నీళ్లు, టోపీ, బూట్లు తెచ్చుకోండి, స్లిప్పర్లు వద్దు. నడుమ ఆపాలనుకుంటే రెండు చోట్ల ఆటో దొరుకుతుంది. ఖచ్చితంగా వచ్చేవాళ్లే పేరు రాయండి. పిల్లల పేర్లు కూడా. షుగర్, బీపీ, గుండె మందులు వాడేవాళ్లు నాకు విడిగా చెప్పండి."

"మెల్లగా నడుస్తాం" అన్న మాట తీసేయకండి. దాన్ని చూసే సగం మంది వస్తారు. రాకూడదనుకున్నవాళ్లలో ఎక్కువమంది భయపడేది దూరానికి కాదు, అందరూ తమ కోసం ఆగాల్సి వస్తుందేమోనని.

ఫోన్ లేని పెద్దవాళ్లకు ఇంటికి వెళ్లి చెప్పండి. ఇంటికి వెళ్లి "పెద్దమ్మా, నువ్వు రావాలె" అంటే వచ్చే మనిషి వేరు, ఫోన్లో మెసేజ్ చూసి వచ్చే మనిషి వేరు. ఇరవై ఐదు మంది దాటితే రెండు గుంపులు చేయండి. నలభై మంది కట్ట మీద ఒక్కసారి నడిస్తే అది ఊరేగింపు అవుతుంది, ఎదురొచ్చేవాళ్లకు దారి ఉండదు.

ముందు డ్రైవర్, వెనక గార్డు

మాది కాజీపేట పక్కన కాబట్టి మాకు ఈ లెక్క రైలు నుంచే అబ్బింది. మా గుంపులో రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన బాబాయ్ ఒకాయన ఉన్నారు. (ఇప్పుడు గార్డు అనకూడదు, ట్రైన్ మేనేజర్ అనాలట. ఆయన ఒప్పుకోరు.) పెద్దమ్మ తప్పిపోయిన సంగతి విని ఆయనన్న మాట: "డ్రైవర్‌కు వెనక డబ్బా కనబడదు, అందుకే గార్డు." రెండో నడక నుంచి ఆయన్ను చివర పెట్టాం. ఆయన వెనక ఎవరూ ఉండకూడదు, అదొక్కటే నియమం. మెడలో విజిల్. ఒకసారి ఊదితే ముందువాళ్లు ఆగాలి, రెండుసార్లు ఊదితే కదలాలి.

ముందు నడిచే మనిషి వేగంగా నడిచేవాడు కాకూడదు. ఆ మనిషి పక్కనే, వెనక కాదు, అందరికంటే మెల్లగా నడిచేవాళ్లను పెట్టండి. గుంపు వేగం తనంతట తానే సర్దుకుంటుంది, ఎవరినీ "తొందరగా రండి" అని అరవక్కర్లేదు. హుషారుగా నడిచే కుర్రాళ్లకు పని చెప్పండి. ఒకరికి మందుల డబ్బా, ఒకరికి చెత్త సంచి, ఒకరికి రోడ్డు దాటించే పని. పని లేకపోతే వాళ్లు ముందుకు ఉరికి ఎక్కడో సెల్ఫీలు దిగుతుంటారు.

కదిలే ముందు లెక్కపెట్టండి. తలలు లెక్కపెట్టడం కంటే జోడీలు కట్టడం మేలు. ప్రతి ఒక్కరికీ ఒక జోడీ. ఆగిన ప్రతిచోటా "మీ జోడీ ఉన్నారా?" అని అడిగితే పది సెకన్లలో తేలిపోతుంది. జోడీల్లో ఒక్కరి దగ్గరైనా ఫోన్ ఉండాలి. భార్యాభర్తలను జోడీ చేయకండి. పోతే ఇద్దరూ కలిసే పోతారు.

హన్మకొండ–వరంగల్ మెయిన్ రోడ్డు దాటడమే ఈ దారిలో అసలు కష్టం. ముక్కలు ముక్కలుగా దాటొద్దు. అందరూ రోడ్డు పక్కన కూడేవరకు ఆగి, విజిల్ విన్నాక ఒక్కసారి దాటండి. ఫుట్‌పాత్ లేని చోట రోడ్డుకు కుడివైపు, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా, ఒకరి వెనక ఒకరు. గుంపుగా ఉన్నాం కదా అని నలుగురు పక్కపక్కన నడవడం మనవాళ్ల అలవాటు. దాన్ని మాన్పించడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

కట్ట మీద ఏం చూడాలి

గుంపును పార్కులో తిప్పి పంపేస్తే రెండోసారి రారు. కట్టను చదవడం నేర్పితే వస్తారు. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, నాలుగు మాటలు తెలిస్తే చాలు. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లుంటే వాళ్లకు మీకంటే ఎక్కువ తెలుసు, వాళ్ల చేతే చెప్పించండి.

మొదటిది కట్ట. దాని వంపును చూడండి. రెండు గుట్టల మధ్య సందును మట్టితో మూస్తే చెరువు అవుతుంది, అందుకే మన దగ్గర గుట్టలున్న చోటల్లా చెరువుంటుంది. గణపతిదేవుడి కాలంలో (1199–1262) పాకాల, రామప్ప చెరువులు పుట్టింది ఈ లెక్కతోనే. నీళ్ల వైపు పరిచిన రాళ్లను రివిట్‌మెంట్ అంటారు, అలల తాకిడికి మట్టి కొట్టుకుపోకుండా. ఆ రాళ్ల మీదికి పిల్లలను దిగనివ్వొద్దు, పాచి పట్టి జారుతాయి.

రెండోది తూము. పొలాలకు నీళ్లు వదిలే దారి. పాత రోజుల్లో దాన్ని లేపేదీ దించేదీ నీరడి. ఏ పొలానికి ఎన్ని నీళ్లో ఆయన లెక్క. భద్రకాళి, వడ్డేపల్లి లాంటి ఊరి నడుమ చెరువుల కింద ఇప్పుడు కాలనీలే ఉన్నాయి. "ఆయకట్టు, అంటే ఈ చెరువు నీళ్లు పారే పొలాలు, ఏవి?" అని అడగండి. కిందికి చూపించండి. అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి.

మూడోది మత్తడి. ఆంధ్ర వైపు దీన్నే అలుగు అంటారు. చెరువు నిండితే ఎక్కువైన నీళ్లు కట్టను కోయకుండా ఇటు నుంచి పోవాలి. మత్తడి కింద నాలా ఎటు పోతుందో కళ్లతో వెంబడించమనండి. ఎక్కడ సన్నబడింది, ఎక్కడ దాని మీద స్లాబ్ వేశారు, ఎక్కడ గోడ కట్టారు? 2020 ఆగస్టులో, 2023 జూలైలో కాలనీలు ఎందుకు మునిగాయో ఎవరూ లెక్చర్ ఇవ్వకుండానే అందరికీ అర్థమవుతుంది. ఆ 2023 జూలై వానలకే భద్రకాళి చెరువుకు పోతననగర్ వైపు గండి పడింది. గండికి ముందు బుంగ పడుతుంది. ఎలుక బొరియో, ఎండిన చెట్టు వేరో కట్టలో దారి చేస్తే నీళ్లు సన్నగా కారడం మొదలవుతుంది. కట్ట కింద పొడి నేలలో ఒక్కచోట తడి కనబడితే ఫొటో తీసి కార్పొరేషన్ వాళ్లకో, ఇరిగేషన్ వాళ్లకో పంపండి. వాళ్లు చూస్తారా చూడరా అన్నది తర్వాత సంగతి.

నాలుగోది శిఖం. చెరువు నిండినప్పుడు మునిగే నేల. నిండు మట్టం దాకా ఉన్న హద్దును ఎఫ్‌టీఎల్ అంటున్నారు. 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు దాటిన చెరువైతే ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు బఫర్ జోన్. అందులో కట్టడాలు ఉండకూడదని బిల్డింగ్ రూల్స్. హద్దు రాయి కనిపించిన చోట పిల్లల చేత 30 మీటర్లు అడుగులతో కొలిపించండి. పెద్దవాళ్ల అడుగులైతే నలభై పైచిలుకు వస్తాయి. కొలవడం మొదలుపెట్టిన పిల్లలు ఒక్కోసారి ఎవరిదో కాంపౌండ్ గోడకు కొట్టుకుని ఆగుతారు. అక్కడ మీరేమీ మాట్లాడక్కర్లేదు, ఇంటివాళ్లతో గొడవ అసలు పెట్టుకోవద్దు.

ఇక చెట్లు, పిట్టలు. కట్టల మీద తాటి, ఈత, చింత, కానుగ సాధారణం. తంగేడు మన రాష్ట్ర పువ్వు, బతుకమ్మ ముందు గుట్టల దగ్గర పసుపుపచ్చగా విరగపూస్తుంది. కొమ్మలు విరవనివ్వకండి, పువ్వు మాత్రం కోసుకోవచ్చు. నీళ్ల మీద ఊదా రంగు పూలతో పరుచుకున్నది గుర్రపుడెక్క. ఫొటోలకు భలే ఉంటుంది, చెరువుకు చేటు. మురుగు ఎక్కువ కలిసిన చోట అది ఎక్కువ పెరుగుతుంది. తెల్లకొంగ, రెక్కలారబెట్టుకునే నీటికాకి, నీలం మెరుపులా దూకే లకుముకి పిట్ట, ఈ మూడు చాలా చెరువుల దగ్గర దొరుకుతాయి. పాలపిట్ట కనిపిస్తే మా పెద్దవాళ్లు నడక ఆపేసి దండం పెడతారు, ఆ రెండు నిమిషాలు కూడా లెక్కలో వేసుకోండి.

గుట్ట రాళ్లకు తేనెతుట్టెలు ఉంటాయి. అక్కడ అగరుబత్తి పొగ, పటాకులు, రాళ్లు రువ్వడం వద్దు. తేనెటీగలు లేస్తే చెరువు వైపు కాదు, వచ్చిన దారినే ముఖం కప్పుకుని వెనక్కి పరుగెత్తాలి.

వలలు వేసేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, గేదెలను కడిగేవాళ్లు ఏ చెరువు దగ్గరైనా ఉంటారు. వాళ్లు అక్కడ పనిలో ఉన్నారు, మనం తీరిగ్గా వచ్చాం. అడగకుండా ఫొటో తీయొద్దు. "అన్నా, ఇయ్యాల ఏం పడ్డయ్?" అని పలకరిస్తే బొచ్చె, రవ్వ, కొర్రమట్ట అని వాళ్లే చూపిస్తారు, ధర కూడా చెబుతారు. మా గుంపులో ఒకరు ప్రతిసారీ చేపలతోనే ఇంటికి పోతారు.

తిండి, నీళ్లు, చెత్త

పరగడుపున ఎవరినీ నడిపించకండి. షుగర్ ఉన్నవాళ్ల జేబులో బెల్లం ముక్కో, బిస్కెట్లో ఉండాలి. మీ సంచిలో రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, బ్యాండేజీ, దూది, ఒక పాత చీర పెట్టండి. పాత చీర ఎందుకంటారా? పరిచి కూర్చోవచ్చు, తలకు చుట్టుకోవచ్చు, కాలు బెణికితే కట్టు కట్టొచ్చు, ఎవరైనా నీళ్లలోకి జారితే విసరొచ్చు.

నడుమ తినడానికి సర్వపిండి, బొబ్బర్ల గుడాలు, జామకాయలు. ఒక్కో నెల ఒక్కో ఇల్లు వంతు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన తిండి మాత్రం తేవొద్దని గట్టిగా చెప్పండి, మోదుగాకు దొప్పలు మార్కెట్లో దొరుకుతాయి. ఒకసారి ఒక టిఫిన్ సెంటర్‌కు ఇరవై మందికి ముందే చెప్పి పెట్టాం. మేం పోయేసరికి ఇడ్లీలు అయిపోయాయి, పిండి కూడా లేదు. అప్పట్నుంచి చాయ్ మాత్రమే బయట, తిండి మా దగ్గరే.

ఒక గోనెసంచి తీసుకుపోండి. మన చెత్త అందులో వేయడమే దాని మొదటి పని. ఓపిక ఉంటే కట్ట మీద కనిపించిన సీసాలు కూడా. కానీ నడకను శుభ్రత కార్యక్రమం చేసేసి బ్యానర్ పట్టుకుని ఫొటో దిగితే, వచ్చే నెల బ్యానర్ ఉంటుంది, జనం ఉండరు.

ముగించి పంపేటప్పుడు

చాయ్ చేతికి వచ్చాక రెండు పనులు చేయండి. వచ్చే నెల ఏ చెరువో అక్కడే, అందరి ముందే తేల్చండి. ఇంటికి పోయాక అడిగితే ఎవరూ తేల్చరు. ఆ దారిని ముందుగా నడిచి చూసే ఇద్దరి పేర్లు కూడా అప్పుడే అడగండి. ఒకరు ఆడమనిషి, ఒకరు మెల్లగా నడిచేవాళ్లు. మా దగ్గర ఇప్పుడు ఆ రెండో పని పక్కింటి పెద్దమ్మదే. ఆమె బెంచీ దొరకని దారిని ఒప్పుకోదు.

రెండోది, పొద్దున రాసుకున్న పేర్లు చదవడం. నడుమ ఆటో ఎక్కి పోయినవాళ్లు ఇంటికి చేరి మెసేజ్ పెట్టారో లేదో చూసుకుని వాళ్ల పేర్ల పక్కన టిక్ పెట్టండి. లెక్క సరిపోయాక మా గార్డు బాబాయ్ రెండుసార్లు విజిల్ ఊదుతారు. అది వినేదాకా ఎవరూ బండి స్టార్ట్ చేయరు.